ఆట మొదలవకుండానే ‘గేమ్ ఓవర్’!

చిన్నప్పటి కాంట్రా, మారియోలను ఫోన్లో మళ్లీ ఆడించే సాఫ్ట్‌వేర్లు బోలెడున్నాయి. కానీ చాలామంది ఆటదాకా వెళ్లకుండానే మెనూ దగ్గరే చేతులెత్తేస్తున్నారు. మరి మంచి ఎమ్యులేటర్ ఎలా ఉండాలి? దాన్ని గుర్తుపట్టడమెలా?

1990ల్లో పెంటపాడులాంటి ఊళ్లలో సంక్రాంతి సెలవులంటే ముగ్గులు, గొబ్బెమ్మలు, అరిసెలతో పాటు మరో సందడి కూడా ఉండేది. ఏ బంధువుల ఇంట్లోనో డబ్బా టీవీకి తగిలించిన వీడియోగేమ్! ఉన్నవి రెండు రిమోట్లు, చుట్టూ పదిమంది పిల్లలు. ‘ఒరేయ్, నీ లైఫ్ అయిపోయింది, ఇటియ్యి’ అంటూ తగవులు. క్యాసెట్ మొరాయిస్తే బయటికి తీసి ఉఫ్‌మని ఊది మళ్లీ పెట్టడం. నిజానికి ఊదడంవల్ల ఒరిగేదేమీ లేదు, తీసి మళ్లీ గట్టిగా పెట్టడంవల్లే అది పనిచేసేది. ఆ సంగతి ఎవరికి తెలుసప్పుడు!

లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో మన ఇళ్లకొచ్చిన ఆ పెట్టెలు జపాన్‌కి చెందిన నింటెండో కంపెనీ 1983 జులై 15న విడుదల చేసిన ‘ఫామికామ్’ అనే యంత్రానికి నకళ్లు. ఇప్పుడా పెట్టెలు అటకమీదికి చేరాయి. డబ్బా టీవీలూ పోయాయి. అప్పటి పిల్లలు నలభయ్యో పడిలో ఉన్నారు. పండక్కి ఊరొచ్చినప్పుడు తమ పిల్లలకి ఆ ఆటలు చూపించాలని వాళ్లకి మహా సరదా. అందుకున్న దారే ఎమ్యులేటర్.

పగటివేషం వేసే యంత్రం

ఎమ్యులేటర్ అంటే ఒక యంత్రం మరో యంత్రంలా నటించేలా చేసే సాఫ్ట్‌వేర్. పగటివేషగాడు పొద్దున శివుడిగా, సాయంత్రం శక్తిగా వచ్చినట్లు... ఫోన్ కాసేపు ఫామికామ్‌లా, కాసేపు వీధి చివరి షాపులోని నాణెం ఆటల పెట్టెలా మారిపోతుంది. క్యాసెట్‌లో ఉండే సమాచారాన్ని ఫైలుగా మార్చి ఇస్తే, తాను నిజంగా ఆ పాత పెట్టేనన్నట్లు చదివి ఆడిస్తుంది.

ఈ వేషం వేయడం ఇవాళ్టి ఫోన్లకి ఏమంత కష్టం కాదు. ఫామికామ్ ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్, పనిచేసే మెమరీ 2 కిలోబైట్లు. ఇప్పుడు మామూలు ఫోన్ ప్రాసెసర్ వేగమే 2 గిగాహెర్ట్జ్‌కి అటూ ఇటూ ఉంటోంది. అంటే లెక్కకి వెయ్యి రెట్లు ఎక్కువ. కాబట్టి పాత ఆటలు ఆడించడంలో ఇప్పుడు సమస్య శక్తి కాదు. గుమ్మం. తెరమీద కనిపించే జాబితాలు, మెనూలు, బటన్లు, హెచ్చరికలు... వీటన్నిటినీ కలిపి యూజర్ ఇంటర్‌ఫేస్ అంటారు. ఇల్లు ఎంత బాగున్నా గుమ్మం ఇరుగ్గా, చీకటిగా ఉంటే వచ్చినవాళ్లు బయటినుంచే వెళ్లిపోతారు. ఎమ్యులేటర్ సంగతీ అంతే.

ఇదేమంత పెద్ద విషయమా అనిపించవచ్చు. 2023 జులైలో అమెరికాలోని వీడియోగేమ్ హిస్టరీ ఫౌండేషన్ ఒక అధ్యయనాన్ని విడుదల చేసింది. 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు డబ్బు పెట్టి కొందామన్నా మార్కెట్లో దొరకడం లేదని అది తేల్చింది. పాత సినిమాకి డీవీడీ, పాత పాటకి రేడియో ఉన్నట్లు పాత ఆటకి వేరే దిక్కు లేదన్నమాట. మిగిలిన దారుల్లో ఎమ్యులేటరే పెద్దది. ఆ దారి కంప్యూటర్ నిపుణులకే అర్థమయ్యేలా ఉంటే ఆ ఆటలు వాళ్లతోనే ఆగిపోతాయి.

9999 ఆటల పాఠం

ఆ రోజుల్లో ‘9999 ఆటలు ఒకే క్యాసెట్‌లో’ అని అమ్మేవారు. అది పచ్చి అబద్ధం. ఉన్నవి వేళ్లమీద లెక్కపెట్టే ఆటలే. వాటినే పేర్లు మార్చి, మధ్యలోంచి మొదలయ్యేలా చేసి వేలకి వేలు చూపించేవారు. కానీ అంకె అబద్ధమైనా ఆ క్యాసెట్ మెనూ మాత్రం మహా నిజాయతీగా ఉండేది. టీవీ వేయగానే వరస నంబర్లతో ఆటల పేర్లు. పక్కన ఒక బాణం గుర్తు. కిందికి నొక్కితే కిందికి, పైకి నొక్కితే పైకి. స్టార్ట్ నొక్కితే ఆట. అంతే!

అక్షరమాల రాని నాలుగేళ్ల పిల్లాడు కూడా ‘ఏడో నంబరు మారియో’ అని గుర్తుపెట్టుకునేవాడు. ఇంగ్లిష్ రాని అమ్మమ్మ కూడా మనవడికి ఆట పెట్టివ్వగలిగేది. పెట్టె ఆన్ చేసినప్పటినుంచి ఆట మొదలయ్యేదాకా పట్టే సమయం కొద్ది సెకన్లు. ఇవాళ్టి ఎమ్యులేటర్ ఏదైనా ముందు దాటాల్సిన గీత ఇదే. దానికన్నా ఎక్కువ పనులు చేయగలిగితే మంచిదే. కానీ దానికన్నా కష్టంగా ఉంటే మాత్రం ముందుకెళ్లినట్లు కాదు.

నెత్తురోడే చెయ్యి నుంచి...

మొదట్లో ఎమ్యులేటర్లు తయారుచేసినవాళ్లూ వాడినవాళ్లూ ఇద్దరూ ప్రోగ్రామర్లే. కాబట్టి అందం గురించి, సౌకర్యం గురించి ఎవరూ పట్టించుకోలేదు. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997 ఫిబ్రవరిలో ‘మేమ్’ని విడుదల చేశాడు. షాపుల్లో నాణెం వేసి ఆడే యంత్రాల్ని అనుకరించే సాఫ్ట్‌వేర్ ఇది. దీన్ని నడపాలంటే నల్ల తెరమీద ఆట పేరుని ఆదేశంలా టైపు చేయాల్సిందే. ఆ బాధ పడలేకే వేరేవాళ్లు దానికి బొమ్మలతో మెనూలు కట్టిపెట్టారు.

అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన ‘నెస్టికిల్’ దారి మార్చింది. దాన్లో మౌస్ గుర్తు స్థానంలో తెగి నెత్తురోడుతున్న చెయ్యి ఉండేది. కుర్రతనం మాట అలా ఉంచితే, మౌస్‌తో నొక్కే మెనూలు, ఆటని ఎక్కడికక్కడ ఆపి దాచుకునే సౌకర్యం దాన్లో ఉన్నాయి. జనం ఎగబడ్డారు. 2010లో మరో పేరుతో మొదలై 2012లో ‘రెట్రోఆర్క్’గా మారిన సాఫ్ట్‌వేర్ అయితే పదుల కొద్దీ ఎమ్యులేటర్లని ఒకే గూటికి చేర్చింది. రిమోట్ బటన్లు ఒకసారి సరిచేసుకుంటే అన్ని యంత్రాలకీ సరిపోతాయి. అది దాని గొప్ప. కాకపోతే ఆట పెట్టమంటే ముందు ‘కోర్’ ఎంచుకోమంటుంది, తర్వాత ‘కంటెంట్’ చూపించమంటుంది. ఆ రెండు మాటలకీ అర్థం తెలిసేలోపు కొత్తవాళ్లకి ఓపిక నశిస్తుంది. సెట్టింగుల జాబితానా... అది కొల్లేటి చాంతాడే!

అలాగని సెట్టింగులు ఉండటం తప్పు కాదు. అవి ఎక్కడ ఉన్నాయన్నదే ముఖ్యం. వంటింట్లో రోజూ వాడే పోపుల డబ్బా చేతికందేచోట ఉంటుంది. ఏడాదికోసారి దించే ఆవకాయ జాడీ అటకమీద ఉంటుంది. రెండిటినీ గుమ్మంలోనే పెడితే కాలు తగిలి పడతాం. 2012 నవంబరులో వచ్చిన ‘పీపీఎస్ఎస్‌పీపీ’ ఈ తేడా తెలిసిన ఎమ్యులేటర్. తెరవగానే ఇటీవల ఆడిన ఆటలు బొమ్మలతో కనిపిస్తాయి. మధ్యలో ఆపితే, దాచుకున్న చోట్లు చిన్న ఫొటోలతో వస్తాయి. లోతైన సెట్టింగులూ ఉన్నాయి కానీ వాటిని ముట్టుకోకుండానే చాలా ఆటలు ఆడేయొచ్చు.

వేలికి అందాలి

పాత రిమోట్‌లో ఎడమవైపు ప్లస్ గుర్తులాంటి బటన్ ఉండేది కదా. దాన్ని నింటెండో ఇంజినీరు గున్‌పే యొకోయ్ 1982లో డాంకీకాంగ్ చేతి ఆట కోసం రూపొందించాడు. దాని గొప్పదనం ఏంటంటే చూడక్కర్లేదు. బొటనవేలికే తెలిసిపోతుంది ఏది కుడో, ఏది ఎడమో. ఫోన్ తెర నున్నగా ఉంటుంది. వేలు ఎప్పుడు జారి పక్కకెళ్లిందో తెలియదు. మారియో గోతిలో పడ్డాకగానీ సంగతి అర్థంకాదు!

మంచి ఎమ్యులేటర్ ఈ లోటుని రకరకాలుగా పూడుస్తుంది. తెరమీది బటన్లని జరుపుకోనిస్తుంది, పెద్దవి చేసుకోనిస్తుంది. నొక్కినప్పుడు ఫోన్ చిన్నగా వణికేలా చేస్తుంది. ఫోన్‌ని నిలువుగా పట్టుకుంటే పైన ఆట, కింద బటన్లు పెడుతుంది. దాంతో వేళ్లు బొమ్మకి అడ్డురావు. 2024 ఏప్రిల్‌లో ఐఫోన్లకి వచ్చిన ‘డెల్టా’ని చాలామంది మెచ్చుకున్నది ఇందుకే. పాత చేతి ఆటల పెట్టె ముఖం ఎలా ఉండేదో తెర కింది సగం అలాగే కనిపిస్తుంది.

విడిగా రిమోట్ కొనుక్కున్నవాళ్లకి మరో చిక్కు. నింటెండో రిమోట్‌లో ‘ఎ’ బటన్ కుడిపక్కన ఉంటే, ఎక్స్‌బాక్స్ రిమోట్‌లో అదే ‘ఎ’ కింద ఉంటుంది. ప్లేస్టేషన్‌లో అయితే జపాన్‌వాళ్లకి ఏళ్ల తరబడి సున్నా అంటే ‘సరే’, ఇంటూ అంటే ‘వద్దు’. మిగతా చాలా దేశాల్లో ఇంటూ అంటేనే ‘సరే’. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5తోగానీ ఈ తేడా పోలేదు. ఇన్ని రకాలుంటే తెరమీద ఉత్తినే ‘ఎ నొక్కండి’ అని రాస్తే ఏ ‘ఎ’ అనుకోవాలి? తెలివైన ఇంటర్‌ఫేస్ అక్షరం బదులు నాలుగు చుక్కల బొమ్మ వేసి, నొక్కాల్సిన చుక్కని వెలిగిస్తుంది. పక్కన ఏ భాషా అక్కర్లేదు.

కొన్నిసార్లు కొత్త పద్ధతి పాతదానికన్నా సుఖం. డక్ హంట్‌లో తుపాకీ గురి గుర్తుందా? మీట నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి పెట్టె మెరిసేది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ వెలుగుని పట్టుకునేది. ఆ చిట్కా డబ్బా టీవీల కోసం చేసింది. ఇప్పటి పలచటి టీవీల దగ్గర ఆ పాత తుపాకీ పనిచేయదు. అదే ఫోన్లో అయితే బాతుమీద వేలు పెడితే చాలు. మూడేళ్ల పాపాయి కూడా షికారీ అయిపోతుంది!

మారియో లావెక్కకూడదు

డబ్బా టీవీ తెర వెడల్పు, ఎత్తులు 4:3 నిష్పత్తిలో ఉండేవి. ఇప్పటి టీవీలు 16:9. పాత బొమ్మని తెరంతా నిండేలా సాగదీస్తే అది మూడో వంతు వెడల్పవుతుంది. బంతి కోడిగుడ్డవుతుంది, మారియోకి బొజ్జ వస్తుంది. ‘పక్కన నల్లపట్టీలు వస్తున్నాయి, టీవీ పాడైందేమో’ అనుకుని చాలామంది సాగదీసేస్తారు. పట్టీలు ఉంటేనే బొమ్మ సరిగ్గా ఉన్నట్లని ఒక్క ముక్క చెప్పే ఎమ్యులేటర్ మేలైనది.

ఇంకో సూక్ష్మం ఉంది. పాత ఆటలో నిలువునా ఉండేవి 240 చుక్కల వరసలు. మామూలు హెచ్‌డీ టీవీలో 1080. ఒక్కో పాత చుక్కకి నాలుగున్నర కొత్త చుక్కలొస్తాయి. సగం చుక్క వేయడం కుదరదు కాబట్టి ఒక వరస నాలుగు, మరో వరస ఐదు అవుతాయి. ముగ్గు పెట్టేటప్పుడు చుక్కల మధ్య దూరం ఒకచోట దగ్గరగా, ఒకచోట ఎడంగా పడితే గీత ఎలా వంకరపోతుందో ఇక్కడా అంతే. మంచి ఎమ్యులేటర్ కాస్త చిన్నగానైనా సరే, కచ్చితంగా నాలుగు రెట్లు వేసి చూపించే వీలు కల్పిస్తుంది. అదీ ఒకే ఒక్క బటన్‌తో, వేయకముందు వేశాక తేడా కళ్లకి కనిపించేలా.

రెప్పపాటు కూడా ఆలస్యమే

‘చిన్నప్పుడు ఈ గోతిని కళ్లు మూసుకుని దూకేవాణ్ని. ఇప్పుడు పడిపోతున్నానేంటి? వయసైపోయిందా?’ నలభయ్యేళ్లవాళ్ల నోట తరచూ వచ్చే మాటిది. తప్పు వాళ్ల వయసుది కాకపోవచ్చు. అసలు ఆట సెకనుకి దాదాపు 60 బొమ్మలు వేస్తుంది. ఒక్కో బొమ్మకి పట్టేది సుమారు 17 మిల్లీ సెకన్లు. డబ్బా టీవీ బొమ్మని వచ్చింది వచ్చినట్లు చూపించేది. ఇప్పటి టీవీలు రంగులు, అంచులు మెరుగుదిద్ది ఆ తర్వాత చూపిస్తాయి. వైర్‌లెస్ రిమోట్ కొంత, ఎమ్యులేటర్ కొంత జాప్యం కలుపుతాయి. అన్నీ కలిసి నాలుగైదు బొమ్మలు వెనకబడితే చాలు, దూకమన్న మాట మారియో చెవిన పడేసరికి గొయ్యి వచ్చేస్తుంది.

దీనికి టీవీ సెట్టింగుల్లో ‘గేమ్ మోడ్’ పెట్టడం తేలికైన విరుగుడు. 2018లో రెట్రోఆర్క్ ఇంకో ఉపాయం తెచ్చింది. ఎమ్యులేటర్ రహస్యంగా ఒకట్రెండు బొమ్మలు ముందే లెక్కకట్టి, ఆట సహజంగా తీసుకునే ఆలస్యాన్ని మింగేస్తుంది. అద్భుతమే! కానీ మెనూలో ఎక్కడో లోతున, అర్థంకాని పేరుతో ఉన్నప్పుడు అది ఎంతమందికి ఉపయోగం? ‘బటన్ నొక్కాక ఆలస్యంగా కదులుతోందా?’ అని అడిగి, అవునంటే తనే సరిచేసే ఎమ్యులేటర్ కావాలి. సామాన్యుడికి తెలిసేది సమస్య. దాని సాంకేతిక నామం కాదు.

దాచుకున్నది పోకూడదు

ఆడేవాళ్లకి కన్నీళ్లు తెప్పించేది మాత్రం ఇది. పాత ఆటల్లో చాలావాటికి దాచుకోవడమే లేదు. కరెంటు పోతే మళ్లీ మొదటికి. ‘లెజెండ్ ఆఫ్ జెల్డా’ 1987లో అమెరికాకి వచ్చినప్పుడు క్యాసెట్‌లోనే చిన్న బ్యాటరీ పెట్టారు. ఎక్కడిదాకా ఆడామో అది గుర్తుంచుకునేది. ఎమ్యులేటర్ వచ్చాక రెండో రకం దాచుకోవడం మొదలైంది. అదే సేవ్ స్టేట్. ఆట ఏ క్షణంలో ఉంటే ఆ క్షణాన్ని ఫొటో తీసినట్లు మొత్తం భద్రపరుస్తుంది.

ఈ రెండిటికీ తేడా తెలియకపోతేనే ముప్పు. ఒకటి బ్యాంకు పాస్‌బుక్కు, రెండోది ఆ రోజు తీసుకున్న ఫొటో అనుకోండి. సేవ్ స్టేట్‌తో పాత రోజుకి వెళ్తే పాస్‌బుక్కు కూడా ఆ రోజు ఎలా ఉందో అలాగైపోతుంది. మధ్యలో చేసిన జమలన్నీ గల్లంతు! పైగా ఎమ్యులేటర్ కొత్త వెర్షన్ వస్తే పాత ఫొటోలు తెరుచుకోకపోవచ్చు. పిల్లాడు వేసవి సెలవులంతా కూర్చుని గెలిచినదంతా ఒక్క తప్పు నొక్కుతో పోతుంది. ఆ ఏడుపుని ఆపడం ఇంట్లో ఎవరితరమూ కాదు.

అందుకే మంచి ఇంటర్‌ఫేస్ దాచిన ప్రతి చోటుకీ చిన్న ఫొటో, తేదీ, సమయం చూపిస్తుంది. పాతదానిమీద కొత్తది రాసేముందు ఒక్కసారి అడుగుతుంది. పొరపాటున నొక్కేస్తే వెనక్కి తీసుకునే వీలిస్తుంది. రెట్రోఆర్క్ మెనూ మీద ఎన్ని విమర్శలున్నా ఇలా వెనక్కి తీసుకునే బటన్ దాన్లో ఉంది. ఫోన్ మార్చినప్పుడు ఈ ఫైళ్లు ఎక్కడున్నాయో, ఎలా తెచ్చుకోవాలో చెప్పడం కూడా ఇంటర్‌ఫేస్ పనే.

ఈ సౌకర్యాలు పెద్దవాళ్లకి, చేతులు సరిగా సహకరించనివాళ్లకి మరీ అవసరం. ఆటని కాస్త నెమ్మదిగా నడపడం, పది సెకన్లు వెనక్కి తిప్పడం, రెండు చేతుల పనిని ఒక్క చేతికి మార్చుకోవడం... పాత పెట్టెలో ఇవి కలలో మాట. కుర్రాళ్లు దీన్ని మోసమంటారు. కానీ వణికే వేళ్లతో తాతయ్య తొలిసారి జెండా స్తంభం ఎక్కితే మనవడి చప్పట్లకి అడ్డేముంది!

ఉచితం వెనక ఉచ్చు

యాపిల్ కంపెనీ తన స్టోర్లోకి పాత ఆటల ఎమ్యులేటర్లని 2024 ఏప్రిల్‌లో మొదటిసారి అనుమతించింది. ఆ వెంటనే ‘ఐజీబీఏ’ అనేది ప్రత్యక్షమైంది. రైలీ టెస్టట్ అనే కుర్రాడు గతంలో తయారుచేసిన ఎమ్యులేటర్‌ని అనుమతి లేకుండా ఎత్తుకొచ్చి, ప్రకటనలు దట్టించి పెట్టిన సరుకది. క్షణాల్లో జనం దించేసుకున్నారు. గొడవయ్యాక యాపిల్ దాన్ని తీసేసింది. కొద్దిరోజులకే టెస్టట్ సొంత ఎమ్యులేటర్ డెల్టా ప్రకటనల్లేకుండా ఉచితంగా వచ్చింది.

తల్లిదండ్రులు గమనించాల్సింది ఇక్కడే. ఇంటర్‌ఫేస్ అంటే అందం ఒక్కటే కాదు, నిజాయతీ కూడా. ఆట మధ్యలో తెరంతా పరుచుకునే ప్రకటన, దాన్ని మూయడానికి కంటికి ఆనని ఇంటూ గుర్తు, ‘కొనసాగించు’ అన్నట్లు కనిపించి మరో యాప్‌ని దించేసే బటన్... ఇవన్నీ పిల్లల వేళ్లని దృష్టిలో పెట్టుకుని వేసిన వలలు. పాత ఆట ఆడించడానికి ఎమ్యులేటర్‌కి ఫైళ్లున్న ఒక ఫోల్డర్ చూపిస్తే చాలు. కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు, లొకేషన్ అడుగుతోందంటే దండం పెట్టి తీసేయడమే.

మరో విషయం. ఎమ్యులేటర్ తయారుచేయడం నేరం కాదని అమెరికా అప్పీళ్ల కోర్టు 2000లో సోనీ-కనెక్టిక్స్ కేసులో స్పష్టం చేసింది. కానీ ఆట పాతదైనంత మాత్రాన ఊరికే తీసుకోవచ్చని కాదు. దానిమీద హక్కులు కంపెనీలకి ఉంటాయి. చక్కటి ఎమ్యులేటర్లు ఆటల్ని తమతో ఇవ్వవు. సొంత క్యాసెట్ ఉన్నవాళ్లు తమ కాపీ పెట్టుకోవచ్చు. పాత యంత్రాల కోసం ఇప్పటికీ కొత్త ఆటలు రాస్తున్నవాళ్లున్నారు. వాటిలో ఉచితంగా ఇచ్చేవీ ఉన్నాయి. అసలు ఎమ్యులేటర్ దించుకోకుండానే రుచి చూడాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది. 2014 నవంబరులో అది దాదాపు 900 నాణెం ఆటల్ని బ్రౌజర్లోనే ఆడుకునేలా పెట్టింది. అక్కడి ఇంటర్‌ఫేస్ చూస్తే ముచ్చటేస్తుంది. బొమ్మ మధ్యలో ఒక్క పవర్ బటన్. నొక్కితే ఆట!

తెలుగులో ‘వెనక్కి తిప్పు’

ఇన్ని ఉన్నా మన ఇళ్లలో ఒక గోడ మిగిలే ఉంది. భాష! ఎమ్యులేటర్ల మెనూలు ప్రపంచంలోని ఎన్నో భాషల్లో ఉన్నా, వాటిలో తెలుగు కనిపించడం అరుదు. దీనికి ఒక కారణం అనువదించేవాళ్లు లేకపోవడం. ఇంకోటి సాంకేతికం. యూనికోడ్‌లో తెలుగుకి 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే చోటు దక్కింది. కానీ అక్షరానికి నంబరు ఉంటే సరిపోదు. గుణింతాలు, ఒత్తులు ఎక్కడ అతకాలో తెలిసిన సాఫ్ట్‌వేర్ కావాలి. ఎమ్యులేటర్ల మెనూలు చాలావరకు ఇంగ్లిష్‌లాగా ఒకదాని పక్కన ఒక అక్షరం పేర్చుకుంటూ పోయేలా రాసినవి. అలాంటిచోట ‘క్రీడ’ అని రాస్తే రావత్తు ఒకచోట, గుడిదీర్ఘం ఒకచోట పడి ముక్కలవుతుంది. దీన్ని సరిచేసే ‘హార్ఫ్‌బజ్’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. కలపాలన్న పట్టుదలే కావాలి.

అనువాదమంటే గ్రాంథికం గుప్పించడమూ కాదు. సేవ్ స్టేట్‌ని ‘స్థితి భద్రపరచుము’ అంటే పాపం ఎవరికి తెలుస్తుంది? ‘ఇక్కడ గుర్తుపెట్టు’ అంటే చాలు. లోడ్ స్టేట్‌ని ‘గుర్తుపెట్టిన చోటికి వెళ్లు’ అనొచ్చు. రివైండ్‌ని ‘వెనక్కి తిప్పు’ అనొచ్చు. స్టార్ట్, పాజ్ లాంటివి ఎలాగూ తెలుగైపోయాయి, వాటిని కదపక్కర్లేదు.

ఇంట్లోనే పరీక్ష

ఎమ్యులేటర్ మంచిదో కాదో తేల్చుకోవడానికి కంప్యూటర్ పరిజ్ఞానం అక్కర్లేదు. ఇంట్లో ఎప్పుడూ దాన్ని ముట్టుకోని ఒకరి చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చుంటే చాలు. ఈ అయిదూ చూడాలి.

* తెరిచిన నిమిషంలోపు ఆట మొదలుపెట్టగలిగారా?
* ఏ బటన్ దేనికో ఎవరినీ అడక్కుండా తెలిసిందా?
* ఫోన్ కాల్ వస్తే, ఆట ఆగి, మళ్లీ అక్కడినుంచే మొదలైందా?
* పొరపాటున ఏదైనా నొక్కితే వెనక్కి రాగలిగారా? దాచుకున్నది భద్రంగా ఉందా?
* మధ్యలో ప్రకటన గానీ, అక్కర్లేని అనుమతి గానీ అడ్డొచ్చిందా?

మొదటి నాలుగింటికీ ‘అవును’, చివరిదానికి ‘లేదు’ వస్తే అది ఇంట్లో ఉంచుకోదగ్గదే. ఎక్కడైనా తడబడితే తప్పు ఆడేవాళ్లది కాదు, తయారుచేసినవాళ్లది. ‘నాకు ఇవన్నీ రావులే’ అని ఫోన్ పక్కన పెట్టేసే అమ్మలకి, నాన్నలకి ఈ మాట ముందు చెప్పాలి.

రెట్రోఆర్క్, పీపీఎస్ఎస్‌పీపీ లాంటివన్నీ ఎవరైనా చేయి వేయగల ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు. మెనూ మాటల్ని తమ భాషలోకి మార్చి పంపితే తీసుకుంటాయి. పెంటపాడు పక్కనే తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలలకీ కొదవలేదు. ఏటా చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం వెతుక్కునే కుర్రకారుకి ఇంతకన్నా మంచి పని ఏముంటుంది? ఒత్తులు సరిగ్గా అతికే నాలుగు వందల మాటల మెనూ! అది పూర్తయిన రోజున ఊళ్లో ఏ నాయనమ్మ అయినా ఎవరి సాయం లేకుండానే మనవరాలితో పోటీకి కూర్చుంటుంది. గెలుపోటములు తర్వాత సంగతి, ముందు ఆట మొదలవ్వాలి కదా!